కాగితం పేరు

బూడిద ఇటుకకు తడి ఆరకూడదు. ప్రెస్సులోంచి బయటికొచ్చాక రెండు మూడు వారాలపాటు పొద్దునా సాయంత్రమూ, ఇలాంటి ఎండల్లో అయితే మధ్యాహ్నం కూడా నీళ్ళు పెట్టాలి. ఒక్క పూట మరిచిపోతే పగులు పడుతుంది. పగిలినదాన్ని ఎవరూ కొనరు. అందుకే కూలీలంతా షెడ్డు నీడన సద్దులు విప్పుకుని కూర్చున్నా, జోజమ్మ మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని, రబ్బరు పైపు పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. ఆఖరి వరస సగంలో ఉండగా పైపులో నీళ్ళు ఆగిపోయాయి. కరెంటు పోయిందేమోనని తిరిగి చూస్తే మోటారు దగ్గర కోటేష్ నిలబడి ఉన్నాడు. ఆపింది అతనే.

కోటేష్ ఆ ఇటుకల కంపెనీలో సూపర్‌వైజరు. జోజమ్మ మొగుడు ఇన్నయ్య దగ్గర తాపీ పట్టడం నేర్చుకుని, ఆయన చలవతోనే ఇందులో చేరినవాడు. ఆమె ముఖం చూడలేక మోటారు వైపు చూస్తూ మాట్లాడాడు.

“అక్కా, రేపటిసంది నువ్వు లోపలికి రావద్దంట. సార్ చెప్పిండు.”

“ఎందుకు రావద్దు?”

“కేసు తేలిందాంక రావద్దంట. నేనేం జేస్త అక్కా, చెప్పమన్నడు, చెప్తున్న.”

“రేపటి సంగతి రేపు. ఇయ్యాల మోటరెందుకు బంద్ చేసినవ్‌రా? సగం వరస ఎండిపాయె.”

కోటేష్ మోటారు దగ్గర నుంచి కదల్లేదు. జోజమ్మ పైపు కింద పడేసి, తొట్టి దగ్గరికి పోయి, బకెట్‌తో నీళ్ళు ముంచుకొచ్చి మిగిలిన సగం వరసకు చల్లింది. పొమ్మన్న చోట ఇటుక పగిలితే నీకేమని ఎవరైనా అడగవచ్చు. అలా అనుకోవడం ఆమెకు చేతకాదు. ఇన్నయ్య పోయాక కూడా ఆయన చెప్పిన పాళ్ళలోనే అక్కడ బూడిద, ఇసక, సిమెంటు కలుపుతున్నారు. ఆ ఇటుక ఎండకు నెర్రెలిస్తుంటే చూస్తూ నిలబడటానికి ఆమెకు మనసు రాలేదు.

కంపెనీ కాగితాల ప్రకారం జోజమ్మ యజమానుల్లో ఒకతె. కూలి లెక్క ప్రకారం రోజుకు నాలుగు వందల యాభై రూపాయల మనిషి. మొగుడు పోయినప్పటి నుంచి లాభాల్లో పైసా రాలేదు గానీ ఈ కూలి డబ్బులు వస్తున్నాయి, వాటితోనే ఇల్లు గడుస్తోంది. యజమాని తన కంపెనీలోనే కూలికి నీళ్ళు పెడుతోందని ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎస్సీ వాడ మనుషులు యజమానులంటే ఎలాగూ ఎవరికీ నమ్మకం లేదు మరి.

గేటు బయట జయప్రకాశ్ కారు ఆగి ఉంది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం ఆయనది. ఇప్పుడు లారీలు, రోడ్డు కాంట్రాక్టులు ఉన్నాయి. ఈ కంపెనీలో నూటికి నలభై తొమ్మిది వాటాలు ఆయనవే. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆయన ఎంత మెత్తగా మాట్లాడితే అంత జాగ్రత్తగా ఉండాలని ఇన్నయ్య అంటుండేవాడు.

“ఏంటి జోజమ్మా, ఇంత ఎండలో? లాయరు దగ్గరికి పోతున్నావంటగా. పోయిరా, నేనేం వద్దనను. మూడు లక్షలిస్తానన్న మాట మీదే ఉన్నాను. సంతకం పెట్టేస్తే నీకూ గొడవుండదు, నాకూ ఉండదు.”

“మా ఇద్దరి వాటాకు మూడు లక్షలేనా సారూ? ఆ ప్రెస్సు మిషనుకే దానికి పదింతలు పెట్టినం గదా.”

“పెట్టింది అప్పు తెచ్చి కదమ్మా. సరే, నీ ఇష్టం. ఒకటి మాత్రం ఆలోచించుకో. నాగలత పేరు కోర్టుల దాకా పోవటం నాకూ ఇష్టం లేదు. కళ్ళముందు పెరిగిన పిల్ల.”

కారు అద్దం పైకి లేచింది. జోజమ్మ గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నాగలత ఆమె కూతురే. భద్రాచలంలో సర్కారు దవాఖానాలో నర్సు. కానీ జయప్రకాశ్ ఆ పిల్లను రెండు జడలతో బడికి పోయే రోజుల నుంచి జెస్సీ అనే పిలిచేవాడు. జెస్సీ పాప బాగా చదువుతోందా అని అడిగేవాడు. ఆయన నోట నాగలత అనే మాట ఇవాళే మొదటిసారి వచ్చింది. బెదిరింపంతా ఆ ఒక్క పేరులోనే ఉంది.

వాళ్ళ వాడలో అందరికీ రెండు పేర్లుంటాయి. ఫాదర్ గారు జ్ఞానస్నానం ఇచ్చి పెట్టే పేరు ఒకటి. బడిలో వేసే రోజు పంతులు రిజిస్టర్లో రాసేది ఇంకొకటి. మొదటిది ఇంట్లో, చర్చి గుళ్ళో పిలుచుకోవడానికి. రెండోదాన్ని కాగితం పేరు అంటారు, అది సర్కారుకు చూపించడానికి. ఇందులో రహస్యమేమీ లేదు. పంతులుకు తెలుసు, పోస్టుమానుకు తెలుసు, సర్టిఫికెట్లు రాసే గుమాస్తాకూ తెలుసు. ఎస్సీలు కిరస్తానీ మతం పుచ్చుకుంటే ఇక ఎస్సీలు కారని చట్టం అంటుంది. మతం మారినవాడికి అంటు కూడా వదిలిపోయిందని చట్టానికి గట్టి నమ్మకం. ఊరికి మాత్రం ఆ నమ్మకం ఏ రోజూ కలగలేదు. ఎనిమిదేళ్ళు భాగస్వామిగా జయప్రకాశ్ ఇంటి వరండాలో కూర్చున్న ఇన్నయ్యకు టీ చివరి రోజు దాకా కాగితం గ్లాసులోనే వచ్చింది. పక్కన కూర్చున్న సిమెంటు ఏజెంటుకు పింగాణీ కప్పులో వచ్చేది. జ్ఞానస్నానం ఆ గ్లాసును మార్చలేకపోయింది. అవమానం వదలనప్పుడు దానికి సర్కారిచ్చే కాస్త ఆసరాను తామెందుకు వదులుకోవాలని వాడ పెద్దలు ఏనాడో ఈ రెండో పేరు కనిపెట్టారు. అలా బడిలో జోజమ్మ ముత్యాలు అయింది. ఆమె కూతురు జెస్సికా నాగలత అయింది. ఇన్నయ్య ఒక్కడు ఇన్నయ్యగానే మిగిలాడు. అదీ జ్ఞానస్నానం పేరే అయినా, వినడానికి చిన్నయ్యకు తమ్ముడిలా ఉంటుంది గనుక ఏ పంతులుకూ మార్చాలని తోచలేదు.

కంపెనీ పెట్టేటప్పుడు ఈ కాగితం పేరును అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నవాడు జయప్రకాశే. ఎస్సీ కుటుంబం చేతిలో సగానికి పైగా వాటా ఉంటే సబ్సిడీ వస్తుందని, అప్పు తక్కువ వడ్డీకి దొరుకుతుందని ఆరా తీసుకొచ్చింది ఆయన. ఇన్నయ్య పేరిట ఇరవై ఆరు, ముత్యాలు పేరిట ఇరవై ఐదు, తన పేరిట నలభై తొమ్మిది అని పంచింది ఆయన. “కాగితాల్లో ముత్యాలే కదా, ఇంక దిగులేంటి?” అని నవ్వింది కూడా ఆయనే. ఇన్నయ్య మేస్త్రీగా తిరిగి కూడబెట్టిన డబ్బంతా అందులో పోశాడు. కరెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బూడిద రాత్రింబగళ్ళు మోయించి, తనూ మోసి, ఆ దుమ్మే ఛాతీలో పేరుకుని, నిరుడు ఊపిరాడక చనిపోయాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకే రోడ్ల పనులు ముమ్మరమయ్యాయి. కంపెనీని కొంటామని హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చారు. మొగుడి వాటా తన పేరిట మారితే యాభై ఒక్క వంతు జోజమ్మ చేతికి వస్తుంది. ఆమె ఒప్పుకోకపోతే అమ్మడం కుదరదు. మెత్తని మాటలు అప్పుడే మొదలయ్యాయి.

అప్పుడే జోజమ్మ ఒక పొరపాటు చేసింది. ఇన్నయ్య వాటా తన పేరుకు మార్చమని అడిగితే, నువ్వు ఇన్నయ్య భార్యవని రుజువేదని కంపెనీ ఆఫీసులో అడిగారు. ఆధార్ కార్డులో ముత్యాలు, భర్త ఇన్నయ్య అని అచ్చై ఉంది. అది చూపిస్తే సరిపోయేది. కానీ పెళ్ళికి రుజువు కార్డు ఎలా అవుతుందని ఆమె అనుకుంది. ఫాదర్ గారి దగ్గరికి పోయి పెళ్ళి సర్టిఫికెట్ రాయించుకుని, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తలెత్తుకుని తీసుకుపోయి ఇచ్చింది. వరుడు ఇన్నయ్య, వధువు జోజమ్మ. దేవుడి ముందు జరిగిన పెళ్ళికి దేవుడి గుడి ఇచ్చిన కాగితం కంటే గట్టిది ఉంటుందని ఆమెకు తట్టలేదు. తన మెడకు తానే తాడు పేనుకుపోయి ఇచ్చింది, పాపం. ఆ కాగితం పట్టుకునే వాటా మార్చడానికి ఒప్పుకోకపోతే, ఆమె హైదరాబాద్ కంపెనీ కోర్టులో కేసు వేసింది.

కొత్తగూడెం బస్సు దిగేసరికి మూడు దాటింది. జెస్సికా అప్పటికే భద్రాచలం నుంచి వచ్చి లాయరు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. రాత్రి డ్యూటీకి మళ్ళీ వెళ్ళాలి గనుక యూనిఫాంలోనే వచ్చింది. జేబు మీద నాగలత అన్న పేరు బిళ్ళ ఉంది. తల్లి కాళ్ళ నిండా ఎండిన బూడిద చూసి, సీసాలో నీళ్ళు తెచ్చి అక్కడే కడిగింది.

“పనికి పోయినవా ఇయ్యాల గూడ?”

“పోయిన. రేపటిసంది రావద్దన్నరు.”

నీళ్ళు పోస్తున్న జెస్సికా చేయి ఒక్క క్షణం ఆగింది.

లాయరు నాగచైతన్య కుర్రవాడు, మంచివాడు. ఫీజు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు. హైదరాబాద్ కంపెనీ కోర్టులో వాదించే పెద్ద లాయరుకు ఇక్కడి నుంచి కాగితాలు తయారుచేసి పంపుతుంటాడు. జయప్రకాశ్ తరఫువాళ్ళు వేసిన జవాబు ముందు పెట్టుకుని, ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

“అమ్మా, వాళ్ళు రాసిందేందంటే, ఇన్నయ్య భార్య జోజమ్మ అని మీరే కాగితమిచ్చారు. కాబట్టి ముత్యాలుకు ఇన్నయ్య వాటాతో సంబంధం లేదు. ఇక జోజమ్మ పేరు మీద కంపెనీలో ఒక్క షేరు కూడా లేదు.”

జోజమ్మ రెండు వేళ్ళు ఎత్తి ఒక్కొక్కటే మడిచింది.

“అంటే ముత్యాలుకు వాటా ఉన్నది, మొగుడు లేడు. జోజమ్మకు మొగుడున్నడు, వాటా లేదు. గంతేనా సారూ?”

“అంతే అమ్మా.”

“ఇద్దరం ఒక్కటే అని చెప్పరాదు? జయప్రకాశ్ సారుకు ఎరుక లేదా? నన్ను రోజూ జోజమ్మా అని పిల్వలేదా?”

“ఆయనకు ఎరుకే. మనం ఆ మాట అనాలనే చూస్తున్నడు. ఇద్దరూ ఒకటే అని రాయాలంటే ముత్యాలు అలియాస్ జోజమ్మ అని రాయాలె.”

ఆ మాట జోజమ్మకు కొత్తది కాదు. అడవి నుంచి వచ్చి లొంగిపోయిన అన్నల ఫొటోల కింద పేపర్లో ఉంటుంది. ఫలానా అలియాస్ ఫలానా. తనలాంటి ఇటుకలు తడిపే మనిషికి కూడా అది తగులుకుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

“అలియాస్ అని రాసినమా,” నాగచైతన్య గొంతు తగ్గించాడు, “ముత్యాలు కిరస్తానీ అని మనమే ఒప్పుకున్నట్టు. ఎస్సీ అని తీసుకున్న షేర్లు చెల్లవంటరు. అది పోతే పోయింది. మీ బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ గూడ తప్పుడిదని పై ఆఫీసుకు రాస్తరు. ఉద్యోగం పోతది. కేసు గూడ పెట్టొచ్చు.”

జెస్సికా కుర్చీ అంచు పట్టుకుంది. ఇన్నయ్య దవాఖానా ఖర్చులకు తెచ్చిన అప్పు ఆమె జీతంలోంచే తీరుతోంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

“మరి దారే లేదా సార్?” అని అడిగింది.

దారి ఉందన్నాడు నాగచైతన్య. అది పెద్ద లాయరు చెప్పాడట. నాగచైతన్య దాన్ని రాసి, టైపు చేయించి, కింద నోటరీని కూడా సిద్ధంగా ఉంచాడు. ఇన్నయ్యకు ఇద్దరు భార్యలని చెప్పాలి. మొదటి భార్య జోజమ్మ. ఆమెను గుళ్ళో చేసుకున్నాడు. ఆమె చనిపోయింది. తర్వాత ఇన్నయ్య మళ్ళీ హిందువై, ముత్యాలును కులం పెద్దల ముందు హిందూ పద్ధతిలో చేసుకున్నాడు. ముత్యాలు కూతురు నాగలత. ముత్యాలు ఏనాడూ చర్చి గడప తొక్కలేదు. ఇంతే. అప్పుడు షేర్లూ నిలుస్తాయి, ఉద్యోగమూ నిలుస్తుంది, ఇన్నయ్య వాటా కూడా వస్తుంది. సాక్షి సంతకాలకు వాడ పెద్దలు ఇద్దరు ఒప్పుకున్నారు.

“అబద్ధమని నాకు తెలుసమ్మా. రాస్తుంటే నాకే చెయ్యాడలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తే కూడు పోయేటట్టు చట్టం రాసిపెట్టినప్పుడు, మీబోటి వాళ్ళు ఏం జేస్తరు చెప్పండి?”

జోజమ్మ నవ్వింది. ఇన్నయ్య పోయాక ఆమె నవ్వడం కూతురు ఎప్పుడో గానీ చూడలేదు.

“రాయి సారూ. జోజమ్మ సచ్చిందనే రాయి. ఆయన పోయిన్నాడే సగం పోయిన. కాగితం మీద ఇంకో సగం పోతే ఏమైతది? దేవునికి ఎరుక గదా నేను ఎవరినో.”

జెస్సికా తల్లి చేయి పట్టుకుంది. గండం గడిచినట్టే అనిపించింది ఆ పిల్లకు. నాగచైతన్య కాగితం తీసి, సంతకం పెట్టేముందు చదివి వినిపించడం ధర్మం గనుక మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. నేను ముత్యాలును, హిందువును. నా భర్త ఇన్నయ్య. ఆయన మొదటి భార్య జోజమ్మ అనారోగ్యంతో మరణించినది. జోజమ్మ వింటూ తలూపుతోంది, పక్కింటి మనిషి చావు వార్త వింటున్నట్టుగా. నాలుగో పేరాకు వచ్చాడు.

“ప్రతివాదులు దాఖలు చేసిన మరణ రిజిస్టరు నకలులోని జయరాజ్ అను బాలుడు, సదరు జోజమ్మకు పుట్టినవాడు. అతనితో నాకు ఎట్టి సంబంధము లేదు.”

జోజమ్మ తలూపడం ఆగిపోయింది.

“ఏం చదివినవ్ సారూ? మళ్ళొకసారి చదువు.”

నాగచైతన్య మళ్ళీ చదవలేదు. ఫైలులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. జయప్రకాశ్ మనుషులు గుడికి పోయి, ఇన్నయ్య వారసుల కాగితాల కోసమని చెప్పి, ఫాదర్ గారి చేత రాయించుకొచ్చింది అది. ఆయన మంచిదే అనుకుని ఇచ్చి ఉంటాడు. జయరాజ్. వయసు నాలుగేళ్ళు. తండ్రి ఇన్నయ్య, తల్లి జోజమ్మ. సమాధుల తోటలో పూడ్చబడెను.

జెస్సికా పుట్టక ముందటి మాట అది. వానాకాలంలో పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. అది మెదడుకెక్కింది. వాగు పొంగి బస్సు రాకపోతే, ఇన్నయ్య ట్రాక్టరు బతిమాలుకుని తెచ్చాడు. ట్రక్కులో జోజమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, తన మీద వాన పడుతున్నా వాడి మీద పడకుండా వంగి కూర్చుంది. దవాఖానా దీపాలు కనబడే వేళకు వాడి ఒళ్ళు చల్లబడుతుంటే జ్వరం దిగుతోందని సంతోషపడింది. దిగిందని ఇన్నయ్యతో చెప్పింది కూడా. అది జ్వరం దిగడం కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఇప్పటికీ ప్రతి ఏటా సమాధుల పండుగకు ఆ చిన్న దిబ్బకు సున్నం వేసి కొవ్వొత్తి వెలిగిస్తుంది. కూలి దొరికినా దొరకకపోయినా ఆ ఒక్క రోజు పనికి పోదు.

“గీ ముక్క తీసెయ్యి సారూ. మిగతాదంతా ఉండనీ.”

“తీసేస్తే కుదరదమ్మా. వాళ్ళు ఈ కాగితం కోర్టులో వేసిన్రు. మనం జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఈ బాబు తల్లి మీరైతే జోజమ్మ మీరే. జోజమ్మ మీరైతే మొత్తం కూలిపోతది.”

“నేను సచ్చిన్నని రాస్కోమన్న గదా.”

“బాబు సంగతి కూడా రాయాల్సిందే అమ్మా.”

నోటరీ కింద నుంచి మనిషిని పంపాడు, ఆఫీసు కట్టేస్తున్నాను వస్తారా రారా అని. నాగచైతన్య పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపాడు. జోజమ్మ ‘ముత్యాలు’ అని సంతకం పెట్టడం బడిలో నేర్చుకుంది. ఎన్ని బ్యాంకుల్లో పెట్టిందో, ఎన్ని ఆఫీసుల్లో పెట్టిందో. ఎక్కడా చేయి వణకలేదు. ఇప్పుడూ వణకలేదు. పెన్ను ముట్టుకోలేదు, అంతే.

“అమ్మా, పెట్టు,” అంది జెస్సికా మెల్లగా.

“పెట్టను.”

“అమ్మా, వాళ్ళు నా మీద రాస్తరు. విన్నవా లేదా?”

“విన్న బిడ్డా. నేను సచ్చిపోయిన్నంటే సరే అన్న. దేవున్ని మొక్కలేదంటే సరే అన్న. వాన్ని నేను కన్లేదని నేను రాయియ్య. మూడు లక్షలకు రాయియ్య, ముప్పై లక్షలకు రాయియ్య. సార్, గా కంపెనీ నాకియ్యకున్నా మంచిదే.”

ఆమె లేచి నిలబడింది. నాగచైతన్య కాగితాలు సర్దుకుంటూ, సోమవారం లోపల ఏదో ఒకటి వేయాలని, అలియాస్ అని వేస్తే ఏమవుతుందో చెప్పాననీ, ఏదీ వేయకపోతే కంపెనీ జయప్రకాశ్‌దే అవుతుందనీ అన్నాడు. ఇంటికి పోయి ఆలోచించుకోండమ్మా అని కూడా అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటేనే బాగుండేదని జోజమ్మకు అనిపించింది.

తల్లీకూతుళ్ళు బస్టాండు దారి పట్టారు. పొద్దు వాలుతోంది. బొగ్గు గనుల మొదటి షిఫ్టు ఎప్పుడో దిగి, టీ కొట్ల దగ్గర జనం పల్చబడ్డారు. జెస్సికా ముందు నడుస్తోంది, జోజమ్మ వెనక. భద్రాచలం బస్సు ఫ్లాట్‌ఫారం మీద ఖాళీగా నిలబడి ఉంది. అది చూసి జెస్సికా ఆగింది. ఇంక ఆపుకోలేకపోయింది.

“నేను హాస్టల్ల నాగలతగనే పెరిగిన. నాగలతగనే చదువుకున్న. ఎవరన్న జెస్సీ అని పిలుస్తరేమోనని క్రిస్మస్‌కు దోస్తులను ఇంటికి రానియ్యకపోతి. గింత కష్టపడి తెచ్చుకున్న నౌకరి. నేను సూడని అన్న కోసం అది తీసేస్తవా అమ్మా? నేనైతే బతికున్న గదా. బతికున్నదాన్ని సూస్తవా, పోయినోన్ని సూస్తవా?”

కూతురు అన్నదాంట్లో జోజమ్మకు ఒక్క తప్పు కూడా కనబడలేదు. ఈ పిల్ల జీతం పోతే అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తారు. ఈ పిల్ల చేతులకు బేడీలు వేస్తే తను బతకలేదు. అయినా లోపల ఎక్కడో ఒక్క మాట కదలకుండా కూర్చుని ఉంది. దాన్ని చట్టానికి చెప్పినట్టు చెప్పడం ఆమెకు రాదు.

“నువ్వు సూడలే బిడ్డా,” అంది. “నేను సూసిన.”

జెస్సికా ముఖం తిప్పుకుని బస్సెక్కింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. జోజమ్మ కిటికీ కింద నిలబడింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని, పిల్ల కూడా తినలేదని గుర్తొచ్చి, బన్ను కొని అందించబోయింది. జెస్సికా తీసుకోలేదు. తల్లి చేయి కిటికీ కమ్మీ మీద అలాగే ఉండిపోయింది.

డ్రైవరు ఎక్కాడు. కండక్టరు మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ వెనక్కి పోయాడు. ఇంజను మొదలయ్యాక జెస్సికా తల తిప్పింది. ఏడవడం లేదు. చిన్నప్పుడు లెక్క తేలకపోతే చూసినట్టు తల్లి వైపు చూసింది.

“అమ్మా, అన్న కాగితం పేరు ఏంది?”

జోజమ్మకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఇన్నయ్య కూడా అడగలేదు.

“వానికి పెట్టలే బిడ్డా. బడికి పోయే యీడు రాకముందే పాయె. వానికి ఒక్కటే పేరు.”

బస్సు కదిలింది. జెస్సికా కిటికీలోంచి ఏదో అంది గానీ ఇంజను చప్పుడులో వినబడలేదు. జోజమ్మ బన్ను పొట్లం పట్టుకుని, ఏమన్నవ్ బిడ్డా, ఏమన్నవ్ అని అడుగుతూ ఫ్లాట్‌ఫారం చివరి దాకా బస్సు వెంట నడిచింది.